పువ్వుకూ పురుగుకూ మధ్య సందు

చిరంజీవి మేనకోడలికి, అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ చేరింది. మూడు రోజులుగా దాన్ని బల్ల ఎదుట గోడకు ఆనించి పెట్టుకుని చూస్తున్నాను. రేకుల అంచులు తేలిపోయిన తీరు, ఆకు అడుగున పడిన నీడ చూస్తుంటే నీ చెయ్యి ఎంత కుదురుకుందో తెలుస్తోంది. అయితే నువ్వు అడిగింది మెచ్చుకోలు కాదు. "అన్నీ ఉన్నాయి అత్తయ్యా, ప్రాణం మాత్రం లేదు, ఎందుకు?" అని అడిగావు. నాకు తోచిన జవాబు చెబుతాను. ఆ ఆర్కిడ్ మీద నువ్వు వాల్చిన సీతాకోకచిలుకకు అక్కడ పనేమీ లేదు. కాగితం మీద బోసిగా ఉన్న మూలను నింపడానికి వచ్చింది. పువ్వుకు దానితో పరిచయం లేదు, దానికి పువ్వుతో అవసరం లేదు.

నీ వయసులో నేనూ సరిగ్గా ఇదే చేశాను. తెల్లటి ఆర్కిడ్, దాని వెనుక పొడవాటి తేనెగొట్టం, పైన నారింజ రంగు సీతాకోకచిలుక. వృక్షశాస్త్రం చదువుకున్న ఒక పెద్దాయన ఆ బొమ్మను చాలాసేపు చూసి ఒకే ప్రశ్న వేశారు: "అమ్మా, ఆ గొట్టం అడుగున ఉన్న తేనెను ఈ పురుగు ఎలా అందుకుంటుంది?" నేను గొట్టాన్ని కొలిచి వేశాను, సీతాకోకచిలుకను కొలిచి వేశాను. రెండింటినీ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చీకటి పడ్డాక పరిమళించే తెల్లని పువ్వుకు పట్టపగటి అతిథిని తెచ్చిపెట్టాను. ఆయన ఆ తరువాత ఏమీ అనలేదు, అనవలసిన అవసరమూ లేకపోయింది. ఇప్పుడు నీకు రాస్తున్నదంతా ఆ ప్రశ్నకు నేను ఏళ్ళ తరబడి వెతుక్కున్న జవాబే.

ఆర్కిడ్లలో సుమారు 28,000 జాతులున్నా పువ్వు కట్టుబడి దాదాపు ఒకటే. బయట మూడు రేకులు, లోపల మూడు. లోపలి మూడింటిలో ఒకటి మాత్రం మిగతావాటితో పోలిక లేకుండా పెరిగి పెదవి అవుతుంది. పురుగు వచ్చి దిగే గట్టు సాధారణంగా అదే. దానికి ఎదురుగా కేసరమూ కీలమూ కలిసిపోయి ఒకే స్తంభంగా నిలబడతాయి. పుప్పొడి మామూలు పువ్వుల్లోలాగా పొడిగా రాలదు. చాలా జాతుల్లో చిన్న చిన్న ముద్దలుగా కట్టుకుని, జిగురు బిళ్ళ మీద కూర్చుని ఎదురుచూస్తుంది. పెదవికీ స్తంభానికీ మధ్య ఒక సందు ఉంటుంది. నువ్వు అందరిలాగే రేకుల అందంలో పడి దాన్ని ఒక నల్లటి చుక్కతో సరిపెట్టావు. అదే, నా దృష్టిలో, ఆ పువ్వు అసలు రూపం. ఒక పురుగు ఒంటి కొలత తీసుకుని కుట్టిన చొక్కా అది. ఎంత వెడల్పు, ఎంత లోతు, పైకి వాలుగా ఉందా, నున్నగా ఉందా, నూగుతో ఉందా అన్నవి తెలిస్తే వచ్చేది ఎవరో సగం తెలిసినట్టే. ఇప్పుడు నేను ఏ ఆర్కిడ్ మొదలుపెట్టినా ముందు గీసేది ఆ సందునే. రేకులు తరువాత వచ్చి చుట్టూ చేరతాయి.

కాడను కూడా చులకన చెయ్యకు. చాలా ఆర్కిడ్లు మొగ్గ విచ్చుకునేటప్పుడు అరచుట్టు తిరుగుతాయి. మొగ్గలో పైన ఉన్న పెదవి అలా తిరిగి కిందికి వచ్చి, పురుగుకు దిగేచోటు అవుతుంది. పువ్వు వెనుక అండాశయాన్ని దగ్గరగా చూస్తే దాని మీది గట్లు పేనిన తాడులా మెలితిరిగి కనిపిస్తాయి. నీ బొమ్మలో అక్కడ తిన్నని గొట్టం ఉంది. ఆ మెలిక వేసి చూడు, పువ్వు అతిథి కోసం ముఖం తిప్పి నిలబడినట్టు అవుతుంది.

ఇక కాలం సంగతి. బొమ్మలో కాలం ఉండదని అనుకుంటాం, ఆర్కిడ్ బొమ్మలో ఉంటుంది. చార్లెస్ డార్విన్ 1862లో ఆర్కిడ్ల మీద వేసిన పుస్తకంలో ఒక చిన్న ప్రయోగం ఉంది. చెక్కిన పెన్సిల్ మొనను పురుగు తొండంలా పువ్వులోకి పోనిచ్చి వెనక్కి తీస్తే పుప్పొడి ముద్దలు దానికి నిటారుగా అతుక్కుని బయటికి వస్తాయి. అర నిమిషం గడిచేసరికి అవి ముందుకు వంగిపోతాయి. నిటారుగానే ఉంటే తరువాతి పువ్వులో మళ్ళీ కేసరానికే తగులుతాయి. వంగితే పుప్పొడిని అందుకునే కీలాగ్రానికి సరిగ్గా తాకుతాయి. పురుగు మరో పువ్వుకు చేరేందుకు పట్టే వ్యవధిని ఆ ముద్దలు అలా వాడుకుంటాయన్నమాట. దీన్ని చదివిన రోజు నేను కుంచె పట్టుకోలేదు, ఆనందంతో అలాగే కూర్చుండిపోయాను. నువ్వు వేసే తేనెటీగ నుదుటి మీద రెండు పసుపు ముద్దలు నిటారుగా ఉంటే అది ఇప్పుడే పువ్వు దాటిందని అర్థం. ముందుకు వాలి ఉంటే మరో పువ్వు కోసం వస్తోందని అర్థం. ఆవగింజంత రంగుతో ఎంత కథ చెప్పవచ్చో చూడు.

ఆ ముద్దలు ఎక్కడ అతుక్కుంటాయన్నది కూడా జాతిని బట్టి మారుతుంది. యూరప్ పచ్చిక మైదానాల్లో ప్లాటాంథెరా బైఫోలియా, ప్లాటాంథెరా క్లొరాంథా అని రెండు తెల్లని ఆర్కిడ్లున్నాయి. పైకి చూస్తే అక్కాచెల్లెళ్ళే. రెండింటికీ మాత్ అని పిలిచే రాత్రి రెక్కల పురుగులే చుట్టాలు. అయితే మొదటిదానిలో పుప్పొడి సంచులు రెండూ దగ్గరదగ్గరగా, సమాంతరంగా ఉంటాయి, ముద్దలు పురుగు తొండానికి అంటుకుంటాయి. రెండోదానిలో సంచులు కిందికి వచ్చేకొద్దీ ఎడమవుతాయి, ముద్దలు కళ్ళకు అంటుకుంటాయి. ఒక మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో పొరపాటు గీస్తే నువ్వు ఒక జాతి పేరు రాసి ఇంకో జాతిని వేసినట్టు. ఇదే కుటుంబంలోని ప్లాటాంథెరా అబ్ట్యుసేటాకు దోమలు పుప్పొడి మోస్తాయి. కంటికి పసుపు ముద్ద అతికించుకుని ఎగిరే దోమను ఎవరైనా శ్రద్ధగా, ప్రేమగా వేస్తే చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. నీకు చెయ్యి ఊరితే ఆ పని తీసుకో.

ఊహించి వేయకూడదా అని అడుగుతావు. వేయవచ్చు, కానీ ఊహకు కొలత ఉండాలి. మడగాస్కర్‌లో ఆంగ్రేకమ్ సెస్క్విపెడాలే అనే నక్షత్రం లాంటి తెల్లని ఆర్కిడ్ ఉంది. దాని తేనెగొట్టం దాదాపు 30 సెంటీమీటర్లు, తేనె ఉండేది అడుగున మాత్రమే. డార్విన్ దాన్ని చూసి, ఇంత పొడవు తొండం ఉన్న మాత్ మడగాస్కర్‌లో ఉండి తీరాలన్నాడు. 1867లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఆ మాటను సమర్థిస్తూ రాసిన వ్యాసానికి థామస్ విలియం వుడ్ అనే చిత్రకారుడు బొమ్మ వేశాడు. ఎవరూ చూడని పురుగు, గాలిలో నిలిచి, తొండం చాచి ఆ పువ్వు ముందు ఉంటుంది. అలాంటి మాత్‌కు శాస్త్రవేత్తలు పేరు పెట్టింది 1903లో. ఆ పేరులోని 'ప్రెడిక్టా' అన్న మాటకు ముందే చెప్పినది అని అర్థం. వుడ్ గీతకన్నా గొప్ప గీతలు ఎన్నో చూశాను. అయినా ఆర్కిడ్ బొమ్మల్లో నా మనసులో పెద్దపీట దానికే. ఎందుకంటే ఆ పురుగును ఆయన గాలిలోంచి తేలేదు, పువ్వులోంచి తీశాడు.

దీనికి ఎదురుగా మార్టిన్ జాన్సన్ హీడ్ 1871లో వేసిన కాట్లియా ఆర్కిడ్, మూడు హమ్మింగ్‌బర్డ్‌ల చిత్రాన్ని పెట్టుకుని చూడు. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. మంచు పట్టిన అడవి, ముందు గులాబీ రంగు పువ్వు, గూడు చుట్టూ పిట్టలు. తడి గాలిని అంత బాగా వేసినవాళ్ళు తక్కువ. కానీ అలాంటి కాట్లియా పువ్వులకు పుప్పొడి మోసేవి పెద్ద తేనెటీగలు, ఆ పిట్టలు కావు. హీడ్ కూడా పిట్టను పువ్వులోకి దూర్చలేదు, ఎడంగానే ఉంచాడు. పొరుగున ఉన్నవాళ్ళను పొరుగువాళ్ళుగానే వేయడం తప్పు కాదు. పొరుగువాళ్ళను చుట్టాలుగా చూపించడమే తప్పు. నీ సీతాకోకచిలుకను రెండంగుళాలు పక్కకు జరిపి ఏ గడ్డిపోచ మీదో వాల్చి ఉంటే నేను ఇంత పొడవు ఉత్తరం రాసేదాన్ని కాదు.

మోసం చేసే ఆర్కిడ్ల దగ్గరికి వస్తే నాకు మాటలు ఆగవు, కాస్త ఓపిక పట్టు. ఆర్కిడ్లలో దాదాపు మూడో వంతు జాతులు అతిథికి తేనె చుక్క కూడా ఇవ్వవు. మధ్యధరా ప్రాంతంలో పెరిగే ఓఫ్రిస్ జాతుల పెదవి ఆడ పురుగులా ఉంటుంది, ఆడ పురుగు వాసనే వేస్తుంది, మగ పురుగు మోసపోయి వాలుతుంది. వాటిలో ఓఫ్రిస్ స్పెక్యులమ్‌ను ఒక్కసారైనా వేసి తీరాలి. పెదవి మధ్యలో అద్దంలాంటి నీలి మెరుపు, చుట్టూ ఎర్రటి గోధుమ రంగు నూగు. ఆ నీలం ఆడ కందిరీగ ముడుచుకున్న రెక్కల మీద ఆకాశం మెరిసినట్టు ఉంటుంది. ఆడవి నేల నుంచి బయటికి రావడానికి ముందే మగవి వచ్చేస్తాయి. ఆ కొద్ది రోజుల ఎడబాటులోనే ఈ పువ్వు పని జరిగేది.

ఆ నీలాన్ని చిక్కటి రంగుతో కప్పెయ్యకు, చచ్చిపోతుంది. కాగితపు తెలుపును వదిలి, పలచటి నీలాన్ని నీళ్ళలా పారించు. అది పూర్తిగా ఆరాక ఇంకో పలచటి పూత. మెరుపు కోసం చివర్లో తెల్లరంగు చుక్క పెట్టాలనిపిస్తుంది, పెట్టకు. చుట్టూ ఉన్న గోధుమ రంగును ముదురు చేస్తే మెరుపు తనంతట తానే పైకి వస్తుంది. నూగును ఆఖర్న, దాదాపు పొడిగా ఉన్న సన్నటి కుంచెతో, వెంట్రుక వెంట్రుకగా వెయ్యి. నూగు ఏ వైపుకు వాలి ఉందో తప్పకుండా గమనించు. వాలిన పురుగు తల ఎటు పెట్టాలో తేల్చుకునేది దాన్ని బట్టే. కొన్ని ఓఫ్రిస్ జాతుల్లో మగ పురుగు తల స్తంభం వైపు ఉంటుంది, ముద్దలు తలకు అంటుకుంటాయి. మరికొన్నింటిలో తలకిందులుగా కూర్చుంటుంది, ముద్దలు పొట్ట చివరకు అంటుకుంటాయి.

ఏ కొస లోపలికి వెళ్ళిందో చూడటం ఎంత ముఖ్యమో ఆస్ట్రేలియాలోని ప్రకృతి పరిశీలకురాలు ఎడిత్ కోల్‌మన్ సంగతి చెబితే తెలుస్తుంది. క్రిప్టోస్టైలిస్ ఆర్కిడ్‌లోకి ఒక కందిరీగ వెనక్కి వెనక్కి నడుస్తూ దూరడాన్ని ముందు ఆమె కూతురు చూసింది. తేనె కోసమైతే తల ముందు వెళ్ళాలి కదా! కోల్‌మన్ ఆ ఒక్క వింతను పట్టుకుని ఓపిగ్గా గమనించి, మగ కందిరీగలు ఆ పువ్వును ఆడదనుకుంటున్నాయని 1927లో రాసింది. ఫలానా పువ్వు మీద ఫలానా పురుగు అని మాత్రమే రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళకు ఇది అందేది కాదు.

మరో చిక్కు కూడా ఉంది. తేనెటీగ ఆర్కిడ్ అని పేరు పడ్డ ఓఫ్రిస్ అపిఫెరా ఉత్తర యూరప్‌లో చాలావరకు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చేసుకుంటుంది. ముద్దలు సన్నని కాడల మీద నుంచి ముందుకు వేలాడి, గాలికి ఊగి, సొంత కీలాగ్రానికే తగులుతాయి. దాని మీద తేనెటీగను వాల్చి బొమ్మ వేసేవాళ్ళు పేరును వేస్తున్నారు, పువ్వును కాదు. నేనైతే ఆ ఊగే ముద్దలను వేస్తాను. ఎవరూ రాని పువ్వులో కూడా ఎంత కదలిక ఉందో అప్పుడు కనిపిస్తుంది.

వాసనను ఎలా వెయ్యాలన్నది నన్ను చాలాకాలం సతాయించింది. గాలిని వెయ్యి, అంతే. వాసన పట్టుకుని వచ్చే పురుగు గాలికి ఎదురుగా వస్తుంది. గడ్డిపోచలూ పూకాడా కుడికి వాలి ఉంటే గాలి ఎడమ నుంచి వీస్తున్నట్టు. అప్పుడు పురుగు కుడివైపు నుంచి, తిన్నగా కాకుండా అటూ ఇటూ ఊగుతూ రావాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా బొమ్మలో ఏదో వీస్తున్నట్టు అనిపిస్తుంది.

పురుగును కూడా పువ్వంత మర్యాదగా చూడు. ఆరు కాళ్ళూ నడిమి భాగం నుంచే పుడతాయి, పొట్ట నుంచి కాదు. తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండే. తేనెటీగలా చారలు వేసుకుని తిరిగే పూల ఈగలు ఎన్నో ఉన్నాయి, వాటి కురచ మీసాలూ పెద్ద కళ్ళూ చూస్తే దొరికిపోతాయి. ఎండిన నమూనా చూసి వేసేటప్పుడు ఒక విషయం గుర్తుపెట్టుకో. చచ్చిన పురుగు కాళ్ళు ముడుచుకుని ఉంటాయి, దాని బరువు దేని మీదా ఉండదు. బతికున్న పురుగు వాలితే పెదవి కిందికి వంగుతుంది. ఆ వంపు వెయ్యకపోతే పురుగు కాగితం మీద అతికించినట్టే ఉంటుంది. నీ సీతాకోకచిలుక కింద రేకు అణువంత కూడా కదలలేదు, నువ్వే చూసుకో.

రంగుల గురించి ఎక్కువ చెప్పను, నీకు తెలుసు. మనం చూసే పువ్వు తేనెటీగ చూసే పువ్వు కాదన్నది మాత్రం మనసులో ఉంచుకో. దానికి అతినీలలోహిత కాంతి కనిపిస్తుంది, ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదు. మన కంటికి అందినదే నిజాయితీగా వెయ్యి.

గమనించడానికి కూర్చున్నప్పుడు అత్తరు పూసుకోకు, పువ్వు మీద నీ ఊపిరి తగలనివ్వకు, నీడ పడనివ్వకు. రెండు మీటర్ల దూరం చాలు. రాత్రిపూట ఎర్రకాగితం చుట్టిన టార్చి వాడు, తెల్ల వెలుగైతే మాత్‌లు పువ్వును వదిలి దాని చుట్టూ తిరుగుతాయి. కాలు పెట్టే ముందు నేల చూడు, నువ్వు వేస్తున్న పువ్వు పక్కనే ఇంకా పూతకు రాని మొక్క ఉండవచ్చు. ఒక్క పువ్వునైనా తెంపవద్దు, దుంపను అసలే కదిలించవద్దు. ఆర్కిడ్ గింజలు ధూళిలా ఉంటాయి, వాటిలో దాచుకున్న ఆహారం ఉండదు, నేలలోని శిలీంధ్రం అన్నం పెడితేనే మొలకెత్తుతాయి. ఆ బంధం తెగిన అడవి మొక్క ఇంట్లో బతకడం అరుదు. ఆర్కిడ్ కుటుంబం మొత్తాన్ని అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటీస్ కిందికి తెచ్చింది ఊరికే కాదు, తవ్వుకుపోయేవాళ్ళు అంతమంది ఉన్నారు. కాబట్టి బొమ్మ కింద చోటు పేరు రాయకు. ఫొటో పంపేటప్పుడు ఫోను దానంతట అది చేర్చే స్థల వివరాలు తీసెయ్యి. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

చాలా రోజులు ఎవరూ రారు. గంటల తరబడి కూర్చున్నా రెక్క చప్పుడు ఉండదు. అప్పుడు విసుగుతో పురుగును కల్పించెయ్యాలనిపిస్తుంది. నువ్వు ఆ బొమ్మలో చేసింది అదేనేమోనని నా అనుమానం. అలాంటి రోజున భూతద్దం తీసుకుని పువ్వులోకి చూడు. పుప్పొడి సంచి మూత ఊడి ఉందా? ముద్దలు పోయి గుంటలు ఖాళీగా ఉన్నాయా? కీలాగ్రం మీద పరాయి పుప్పొడి రేణువులు అంటి ఉన్నాయా? పెదవి మీద కాళ్ళ గీట్లు పడ్డాయా? ఎవరో నీకన్నా ముందు వచ్చి వెళ్ళారు. ఆ ఖాళీ గుంటలను వేసిన బొమ్మలో పురుగు కనిపించదు, అయినా ఉంటుంది. నేను వేసిన వాటిలో నాకు ఇష్టమైన రెండు బొమ్మలూ అలాంటివే.

వచ్చే ఉత్తరంతో పూర్తి చేసిన చిత్రం పంపవద్దు. పది రోజుల నోటు పుస్తకం పేజీలు పంపు. ఒక్కొక్క పేజీలో వేళ, గాలి దిక్కు, ఎండో మబ్బో, ఏ పువ్వులో ముద్దలు ఉన్నాయి, ఏ పువ్వులో పోయాయి రాసి, పక్కన ఆ సందు బొమ్మ వెయ్యి. ఎవరూ రాని రోజు పేజీ కూడా చించకుండా పంపు. నీ సీతాకోకచిలుక బొమ్మ అప్పటివరకు ఇక్కడే గోడకు ఉంటుంది. ఆ పువ్వు దగ్గరికి నిజంగా వచ్చేది ఎవరో నువ్వు కళ్ళారా చూసి రాశాక తిరిగి పంపుతాను.

నీ అత్తయ్య